డీర్ సీజన్‌కి స్కోప్ కొంటున్నారా? జూమ్ సంగతి తర్వాత, ముందు చివరి పావుగంట వెలుతురు సంగతి చూడండి

టెక్సస్‌లో డీర్, అంటే జింకల వేట జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. అక్టోబర్ వచ్చిందంటే చాలు, ఇక్కడ మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న, "అన్నా రైఫిల్ తీసేసుకున్నా, స్కోప్ ఏది పెట్టమంటావ్, 6-24×50 ఒకటి డీల్‌లో ఉంది కొట్టేయనా" అని. స్కోప్ అంటే రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్బిన్, ఆ నంబర్ల అర్థం కింద చెప్తా. ఆ డీల్ మాత్రం వద్దు బ్రో. అడిగిన ప్రతివాడికీ విడివిడిగా టైప్ చేసి వేళ్ళు నొప్పెడుతున్నాయి, అందుకే అంతా ఒకేచోట రాసి పడేస్తున్నా. నేను మాట్లాడేది టెక్సస్‌లో వైట్‌టెయిల్ డీర్ గురించి, చివర్లో కాస్త హాగ్స్, అంటే అడవి పందుల గురించి. కొండల్లో ఎల్క్ కోసం వెళ్ళేవాళ్ళకీ, వెయ్యి గజాల అవతల ఇనప ప్లేట్లు మోగించేవాళ్ళకీ లెక్కలు వేరే, అవి ఇక్కడ దొరకవు.

స్కోప్ కంటే ముందు ఒక మాట, ఇది మాత్రం స్కిప్ చేయకండి. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, డేట్ దాటని హంటింగ్ లైసెన్స్ ఉండడం. టెక్సస్ హంటింగ్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, అంటే సెప్టెంబర్ 1 పొద్దున పాత కాగితం పట్టుకుని, రైఫిల్ క్లోజెట్‌లో పెట్టుకుని కూర్చుంటే ఆ మినహాయింపు లేనట్టే. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా తప్పనిసరి. మీ కేసులో ఏదైనా డౌట్ ఉంటే గ్రూపులో అడక్కండి, లాయర్‌ని అడగండి, గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నవాడికి ఇది ఆటలాడే విషయం కాదు. ఇంకోటి, స్కోప్ గన్ కాదు కాబట్టి ఆన్‌లైన్‌లో ఎవరైనా ఆర్డర్ పెట్టేయొచ్చు, కానీ రైఫిల్ స్కోపులు ఈ దేశం దాటించాలంటే ఎక్స్‌పోర్ట్ రూల్స్ ఉన్నాయి. ఊళ్ళో బావమరిది అడిగాడని సూట్‌కేస్‌లో పడేసుకుని వెళ్ళకండి. అయినా అక్కడ 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేటే లేదు, ఆయనేం చేసుకుంటాడు దాంతో.

సరే, అసలు విషయం. స్కోప్ ఎంచుకునేముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఎంత దూరం కొట్టగలను అని కాదు, నేను కూర్చునే చోట జంతువు ఎంత దూరంలో నిలబడుతుంది అని. ఈస్ట్ టెక్సస్ పైన్ చెట్ల మధ్య అయితే వంద గజాల్లోపే, చాలాసార్లు యాభైలోపే. హిల్ కంట్రీలో వేటకని భూమి లీజ్ తీసుకున్నవాళ్ళకి బాక్స్ బ్లైండ్ (దాక్కుని కూర్చునే పెట్టెలాంటి గది) నుంచి కార్న్ ఫీడర్ (డీర్‌కి మొక్కజొన్న వేసే డబ్బా) దాకా మహా అయితే వంద, నూట యాభై. సౌత్ టెక్సస్‌లో ముళ్ళపొదల మధ్య పొడుగ్గా కొట్టిన దారులుంటాయి, సెండెరో అంటారు, అక్కడ రెండొందలు, మూడొందలు కూడా వస్తాయి. వెస్ట్ టెక్సస్ బయలు ప్రాంతం ఇంకాస్త ఎక్కువ. మన గ్రూపులో నూటికి తొంభై మంది కూర్చునేది ఫీడర్ ముందు. వంద గజాల్లో డీర్ మీద 24 పవర్, అంటే 24 రెట్లు పెద్దగా చూపించేలా పెడితే కనిపించే వెడల్పు మొత్తం నాలుగైదు అడుగులే, డీర్ ఒక్క అడుగు పక్కకి వేసిందంటే తాళం కంతలోంచి గదిలో పిల్లిని వెతుక్కున్నట్టు ఉంటుంది మన పరిస్థితి. అదే 3 పవర్‌లో వంద గజాల దగ్గర దాదాపు 34 అడుగుల వెడల్పు కనిపిస్తుంది, 9 పవర్‌లో పన్నెండు పదమూడు అడుగులు. ఎటు పోయినా దొరుకుద్ది.

బాక్స్ మీద 3-9×40 అని ఉంటే, 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు లెన్స్ వ్యాసం 40 మిల్లీమీటర్లు. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియాల్సింది ఏంటంటే ఆ రెండో నంబర్‌ని మొదటి నంబర్‌తో భాగించాలి. దాన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు, అంటే వెనక లెన్స్‌లోంచి మీ కంటికి వచ్చే వెలుతురు చుక్క సైజు. 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు. 6 దగ్గర పెడితే 6.7. అదే 6-24×50ని 24 మీద పెడితే 2.1. మసక చీకట్లో కుర్రాళ్ళ కనుపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, నలభై యాభై దాటినవాళ్ళకి 5 దగ్గరే ఆగిపోవచ్చు. కనుపాప 6 దాకా తెరుచుకుని కూర్చుంటే స్కోప్ 2 మిల్లీమీటర్ల చుక్క పంపిస్తే మీకు కనిపించేది నలుపు మీద నలుపు. అలాగే పెద్ద వయసువాళ్ళు 56 మిల్లీమీటర్ల లెన్స్ కొని 6 పవర్‌లో చూస్తే వచ్చే 9 మిల్లీమీటర్లలో సగం కంట్లోకే పోదు, డబ్బు దండగ, బరువు ఎక్స్‌ట్రా.

ఇంతకీ ఈ వెలుతురు గోల ఎందుకంటే, టెక్సస్‌లో డీర్‌కి లీగల్ టైమ్ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం అయ్యాక అరగంట దాకా. పెద్ద బక్‌లు, అంటే మగ డీర్‌లు బయటికొచ్చేది సరిగ్గా ఆ అంచుల్లోనే, మధ్యాహ్నం రెండింటికి వచ్చి ఫోటోకి ఫోజు ఇవ్వవు. సాయంత్రం అలా కూర్చుని ఉంటారు, సూర్యుడు దిగి ఇరవై నిమిషాలు అయ్యుంటుంది, మీ మామూలు కంటికి ఫీడర్ కాళ్ళు కనిపిస్తుంటాయి గానీ దాని కింద కదిలేది డీరా దూడా అన్నది తెలీదు. స్కోప్ 9 మీద ఉంటే ఒక బూడిద రంగు ముద్ద. రింగ్ తిప్పి 5కి తెచ్చారనుకోండి, ముద్దలోంచి మెడ విడిపోతుంది, మెడ మీద చెవులు, చెవుల పక్కన కొమ్ములు, వెనకున్న మెస్కీట్ కొమ్మలు వేరే, ఇవి వేరే అని తెలుస్తుంది. చాలామంది తెలీక రివర్స్‌లో చేస్తారు, కనిపించట్లేదని పవర్ ఇంకా పెంచుతారు, ఇంకా చీకటవుద్ది. పెంచకండి, తగ్గించండి.

పైగా మనకి ఇక్కడ కొమ్ముల రూల్ ఒకటుంది. చాలా కౌంటీల్లో బక్‌ని కొట్టాలంటే కనీసం ఒక కొమ్ము చీలకుండా ఉండాలి, లేదా రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉండాలి. టెక్సస్ వన్యప్రాణి శాఖ, అదే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు చెప్పే కొండగుర్తు ఏంటంటే చెవులు నిక్కబొడుచుకుని ఉన్నప్పుడు ఈ చెవి కొస నుంచి ఆ చెవి కొసకి సుమారు 13 అంగుళాలు, కొమ్ములు దానికి అవతల ఉంటే ఓకే. ఇది మసక వెలుతురులో చూసి తేల్చాలి. అయితే ఈ చూసి తేల్చే పనికి స్కోప్ వాడకండి, బైనాక్యులర్ వాడండి. స్కోప్‌తో చూడ్డం అంటే లోడ్ చేసిన రైఫిల్‌ని అటు గురిపెట్టడం, అక్కడున్నది పక్క లీజ్‌వాడు కూడా కావచ్చు. స్కోప్‌కి వెయ్యి డాలర్లు పెట్టి బైనాక్యులర్ కొననివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. ఆరొందలు బడ్జెట్ ఉంటే నాలుగొందలు స్కోప్‌కీ మౌంట్‌కీ (స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే బేస్, రింగులు), రెండొందలు ఒక 8×42 బైనాక్యులర్‌కీ పెట్టండి, ఇది నా లెక్క.

ఇక గ్లాస్. రెండు స్కోపులు రెండూ 3-9×40నే, ఒకటి 80 డాలర్లు, ఒకటి 350. తేడా ఎక్కడుందంటే సగం గ్లాస్, దాని మీద పూతలో ఉంది. పూత లేని గాజు మీద వెలుతురు పడితే ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి కొట్టేస్తుంది. స్కోప్ లోపల బోలెడు లెన్సులు, ఒక్కోదానికి రెండు వైపులు, పది ఉపరితలాలు అనుకున్నా దాదాపు మూడో వంతు వెలుతురు దారిలోనే పోయినట్టు. దీనికి విరుగుడు పూత 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో స్మాకులా అనే ఆయన కనిపెట్టాడు, ఇప్పుడు అందరూ వేస్తారు, కాకపోతే ఎంత వేస్తారన్నదే తేడా. బాక్స్ మీద కోటెడ్ అని ఉంటే ఎక్కడో ఒకచోట ఒక పొర వేశారని, మల్టీ కోటెడ్ అంటే కొన్నిటి మీద ఎక్కువ పొరలని. ఫుల్లీ మల్టీ కోటెడ్ అంటే గాలి తగిలే ప్రతి ఉపరితలం మీదా పొరలు వేశారని. మూడోది లేకపోతే కింద పెట్టేయండి. ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే అని కాదు గానీ, లేనిదాన్ని మాత్రం ముట్టుకోనక్కర్లేదు.

షాప్‌లో చూసే పద్ధతి ఒకటి ఉంది. ఆ పెద్ద పెద్ద స్టోర్లలో తెల్లటి లైట్ల కింద ఎనభై డాలర్లదీ బానే ఉంటుంది, ఎనిమిదొందలదీ బానే ఉంటుంది. అందుకే సాయంత్రం పొద్దుగూకే టైమ్‌కి వెళ్ళండి, కౌంటర్ అబ్బాయిని అడిగి, రైఫిల్‌కి బిగించని డెమో పీస్‌లు రెండు మూడు పట్టుకుని గుమ్మం దాకా రమ్మనండి, వీకెండ్ రష్ లేకపోతే వస్తారు. పార్కింగ్ లాట్‌లో దూరంగా ఉన్న ట్రక్కు కింద నీడలోకి చూడండి, ఆ చీకట్లో టైరు మీద అక్షరాలు, కింద ఇనుము ఎంతవరకు విడివిడిగా కనిపిస్తున్నాయి అని. అన్నీ ఒకే పవర్‌లో, 6లో పెట్టి చూడండి, ఒకటి 9లో ఒకటి 4లో పెట్టి పోలిస్తే అర్థం లేదు. తర్వాత బొమ్మ అంచుల్లో చూడండి, మధ్యలో షార్ప్‌గా ఉండి అంచులు కరిగిపోయినట్టు ఉంటే, స్తంభాల పక్కన ఊదారంగు గీత కనిపిస్తుంటే గ్లాస్ అంతంతమాత్రం. తల కాస్త అటూ ఇటూ జరపండి, ఇలా జరిపితే చాలు నల్లటి నీడ కమ్మేస్తుందంటే, జంతువు వచ్చిన కంగారులో మీకది నరకం చూపిస్తుంది. పవర్ రింగ్ తిప్పండి, చలికి గ్లవ్స్ వేసుకుని తిప్పగలరా లేదా ఊహించుకోండి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా పెట్టకండి, కన్ను పోతుంది.

కళ్ళద్దాలు ఉన్నవాళ్ళకి, అంటే మనలో సగం మందికి, ఐ రిలీఫ్ ముఖ్యం. అంటే వెనక లెన్స్‌కీ కంటికీ మధ్య ఎంత దూరంలో బొమ్మ నిండుగా కనిపిస్తుందో అది. మూడున్నర నుంచి నాలుగు అంగుళాల దాకా ఉంటే హాయి, మూడుకి తగ్గితే వద్దు. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ కూడా మీ మొహం మీదకి వస్తుంది, తక్కువ దూరం ఉంటే ఆ అంచు కనుబొమ్మ మీద నెలవంకలా చీరేస్తుంది. మా వాడొకడు 300 విన్ మ్యాగ్ అనే గట్టిగా తన్నే క్యాలిబర్‌తో ఫస్ట్ షాట్‌కే ఆ గుర్తు వేయించుకున్నాడు, ఆరు నెలలు ప్రతి జూమ్ మీటింగ్‌లో కారు డోర్ తగిలిందని చెప్పుకున్నాడు. 243 లాంటి మెల్లటి క్యాలిబర్లకి అంత భయం లేదు గానీ, ఒకే రైఫిల్ మీరూ మీ ఆవిడా ఇద్దరూ వాడితే ఒకరికి సెట్ చేసింది ఇంకొకరి మొహానికి దగ్గర కావచ్చు, అది చూసుకోవాలి. ప్రోగ్రెసివ్ అద్దాలవాళ్ళు తల వంచే కోణాన్ని బట్టి బొమ్మ మారిపోతుంది, వేటకి విడిగా సింగిల్ విజన్ అద్దాలు చేయించుకుంటే ఈ గోల ఉండదు.

కొన్నాక అందరూ వదిలేసే పని ఒకటుంది, వెనక ఐపీస్ తిప్పి క్రాస్ గీతల్ని మీ కంటికి సెట్ చేసుకోవడం. తెల్లగోడ మీదకో ఖాళీ ఆకాశం వైపుకో (సూర్యుడు లేని వైపు) పెట్టి, ఒక్క క్షణం చూసి కళ్ళు పక్కకి తిప్పండి. చూసీ చూడగానే గీతలు నల్లగా, పదునుగా ఉండాలి. అలాగే చూస్తూ కూర్చుంటే కన్నే సర్దుకుపోతుంది, అప్పుడు మీకు సెట్ అయిందో లేదో తెలీదు. అది డీర్‌ని ఫోకస్ చేసే రింగ్ కాదు, ఒకసారి సెట్ చేశాక ముట్టుకోకండి.

రెటికిల్, అంటే స్కోప్‌లో కనిపించే ఆ గురి గీతల దగ్గర మనవాళ్ళు బాగా బోల్తా పడతారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ఫీచర్లు ఎక్కువుంటే మంచిదనుకుంటాం. మామూలు డూప్లెక్స్, అంటే బయట లావుగా మధ్యలో సన్నగా ఉండే క్రాస్, డీర్‌కి అది చాలు. లావు గీతలే చీకట్లో మీ చూపుని మధ్యకి లాక్కొస్తాయి. క్రిస్మస్ చెట్టులా గీతలు చుక్కలు నిండిపోయిన రెటికిల్ ఇంట్లో బాగుంటుంది, పొదల్లో డీర్ మీద పెడితే ఏది కొమ్మో ఏది గీతో తెలీదు. మధ్యలో చిన్న ఎర్ర చుక్క వెలిగేది ఉంటే నిజంగానే పనికొస్తుంది, నల్ల డీర్ మీద నల్ల గీత చీకట్లో కలిసిపోతుంది కాబట్టి. కాకపోతే బ్రైట్‌నెస్ బాగా తక్కువకి దిగేదై ఉండాలి, లేకపోతే ఆ వెలుగుకే కన్ను బైర్లు కమ్ముద్ది.

బీడీసీ రెటికిల్ తీసుకుంటే, అంటే కింద చిన్న చిన్న గీతలుండి రెండొందలకిది, మూడొందలకిది అని చెప్పేవి, ఒక మెలిక గుర్తుపెట్టుకోండి. హంటింగ్ స్కోపుల్లో ఎక్కువ భాగం సెకండ్ ఫోకల్ ప్లేన్‌వి, అంటే పవర్ మార్చినా గీతల సైజు మారదు, వెనక బొమ్మ మాత్రం మారుతుంది. అందుకే ఆ గీతల లెక్క సాధారణంగా ఫుల్ పవర్‌లోనే కరెక్ట్. 9లో మూడొందల గజాలకి పనికొచ్చే గీత 4.5లో పెడితే దానికి డబుల్ కోణం చూపిస్తుంది, తూటా డీర్ పైనుంచి పోతుంది. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో ఈ గొడవ లేదు, ఏ పవర్‌లో అయినా లెక్క ఒకటే, కానీ తక్కువ పవర్‌లో గీతలు వెంట్రుక కంటే సన్నగా అయిపోతాయి, మనకి చీకట్లో కావాల్సిందే తక్కువ పవర్. ఫీడర్ వేటకి సెకండ్ ఫోకల్ ప్లేనే నా ఓటు.

అసలు చాలామందికి ఆ గీతలతో పనే లేదు. మామూలు 308 క్యాలిబర్‌లో 150 గ్రెయిన్ బరువు తూటా రెండొందల గజాలకి జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే పడేలా స్కోప్ సెట్ చేస్తే, వందలో సుమారు రెండు అంగుళాలు పైన పడుతుంది, మూడొందల్లో ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. డీర్ ఛాతీలో ప్రాణం ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. అంటే రెండొందలు దాటి ఇంకాస్త దూరం దాకా మధ్యలో పెట్టి నొక్కడమే, ఏ గీతా లెక్కపెట్టక్కర్లేదు. 270 అయితే ఇంకా చదునుగా పోతుంది. ఫీడర్ వంద గజాల్లోనే ఉంటే వందకే జీరో చేసేయండి, ఇంకా సింపుల్.

ట్యూబ్ లావు గురించి ఒక అపోహ, 30 మిల్లీమీటర్ల ట్యూబ్ ఒక అంగుళం ట్యూబ్ కంటే ఎక్కువ వెలుతురు ఇస్తుందని. ఇవ్వదు. లోపల గీతలు జరుపుకోడానికి చోటెక్కువ ఉంటుంది, కాస్త గట్టిదనం ఉంటుంది, అంతే. పారలాక్స్ (కన్ను జరిగితే గీత కూడా గురి మీద నుంచి జరిగినట్టు కనిపించడం) సరిచేసే నాబ్ కూడా 9, 10 పవర్ లోపు అక్కర్లేదు, డీర్ స్కోపులు ఎక్కువ భాగం ఫ్యాక్టరీలోనే వంద, నూట యాభై గజాలకి ఫిక్స్ చేసి వస్తాయి. పెద్ద పెద్ద టరెట్లు, అంటే గురి సర్దే నాబ్‌లు బయటికి పొడుచుకొచ్చినవి వద్దు, బ్లైండ్ మెట్లెక్కేటప్పుడు చొక్కాకి తగిలి తిరిగిపోతే మీకు తెలియను కూడా తెలీదు. మూత ఉన్నవి తీసుకోండి.

ఇప్పుడు ఏది కొనాలంటే. ల్యూపోల్డ్ విఎక్స్-ఫ్రీడమ్ 3-9×40, వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్, బర్రిస్ ఫుల్‌ఫీల్డ్, ఈ మూడింట్లో మీ కంటికి ఏది నచ్చితే అది. బడ్జెట్ ఇంకా తక్కువంటే వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2, నూట యాభై రెండొందల మధ్య తిరుగుతుంటుంది, ఆ రేటుకి మోసం లేదు, ఐ రిలీఫ్ కూడా 3.8 అంగుళాలు. వోర్టెక్స్‌కీ ల్యూపోల్డ్‌కీ వారంటీ జీవితకాలం, బిల్లు అడగరు, మొదటి ఓనరా మూడో ఓనరా అని చూడరు, అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఇవి దొరికితే ధైర్యంగా తీసుకోవచ్చు. నైకాన్ 2019 చివర్లో రైఫిల్ స్కోపులు ఆపేస్తున్నామని చెప్పేసింది, పాత ప్రోస్టాఫ్‌లు ఎవరైనా చవగ్గా అమ్ముతుంటే గ్లాస్ మంచిదే గానీ ఆ కంపెనీ ఈ బిజినెస్‌లో లేదన్నది గుర్తుంచుకుని బేరమాడండి. ల్యూపోల్డ్ పేరుతో నకిలీలు కూడా తిరుగుతున్నాయి, ఆన్‌లైన్‌లో ఎవడో సగం ధరకి కొత్తది ఇస్తానంటే సీరియల్ నంబర్ అడిగి కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి. వెయ్యి దాటి జైస్, స్వరోవ్‌స్కీ కొనేవాళ్ళు మీ ఇష్టం, ఆ చివరి పది నిమిషాల్లో తేడా కనిపిస్తుంది, అబద్ధం చెప్పను, కానీ మొదటి సీజన్‌కే అంత పెట్టాలా అంటే నేనైతే వద్దంటా. రైఫిల్‌తో పాటు కాంబోలో వచ్చే స్కోప్ పనికిమాలినదని వెంటనే పీకేయక్కర్లేదు కూడా, ఒక సీజన్ దాంతోనే ఫీడర్ ముందు కూర్చోండి, మీకేం తక్కువైందో అదే చెప్పుద్ది.

మౌంట్ దగ్గర పిసినారితనం చేయొద్దు. నాలుగొందల స్కోప్‌ని పన్నెండు డాలర్ల రింగుల్లో బిగించి, గురి కుదరట్లేదని స్కోప్‌ని తిట్టేవాళ్ళు బోలెడు మంది. ముందు మీ రైఫిల్ మీదున్న బేస్ వీవరా, పికటినీనా చూడండి, రింగులు కూర్చునే పట్టాల్లో ఇవి రెండు రకాలు. వీవర్ గాడి 0.180 అంగుళాలు, పికటినీది 0.206, వీవర్ రింగులు పికటినీ మీద కూర్చుంటాయి గానీ పికటినీ రింగులు వీవర్ మీద చాలాసార్లు కూర్చోవు. (ఈ వీవర్ అనే ఆయన మన ఎల్ పాసోలోనే ఫ్యాక్టరీ పెట్టి, మామూలు రైతులు కూడా కొనగలిగే ధరకి స్కోపులు చేశాడు, టెక్సస్‌లో ఏ తాతని కదిపినా ఒక వీవర్ కథ చెప్తాడు.) రింగుల ఎత్తు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ముందు లెన్స్ గొట్టానికి తగలకుండా, బోల్ట్ హ్యాండిల్ వెనక భాగానికి కొట్టుకోకుండా ఉంటే చాలు.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్ వాడండి, అంగుళం పౌండ్లలో చూపించేది, యాభై అరవై డాలర్లకి వస్తుంది. రింగ్ పైమూత స్క్రూలు సాధారణంగా 15 నుంచి 18 అంగుళం పౌండ్లు, మీ రింగుల కాగితం మీద వేరే నంబర్ ఉంటే దాన్నే ఫాలో అవ్వండి. ఒక స్క్రూ ఫుల్లుగా బిగించి తర్వాత ఇంకోటి అని కాదు, కారు వీల్ బోల్టుల్లా ఎదురెదురుగా కొంచెం కొంచెం, రెండు వైపులా మూతకీ కింద భాగానికీ మధ్య సందు సమానంగా ఉండేలా. ఎక్కువ బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోయి పవర్ రింగ్ పట్టేస్తుంది, పీకి చూస్తే ట్యూబ్ మీద గాటు కనిపిస్తుంది. ఫైనల్ బిగింపుకి ముందు రైఫిల్ భుజానికి పెట్టి, కళ్ళు మూసుకుని బుగ్గ ఆనించి, కళ్ళు తెరవండి, బొమ్మ నిండుగా కనిపించాలి, మెడ చాచి వెతుక్కోవాల్సి వస్తే స్కోప్‌ని ముందుకో వెనక్కో జరపండి. ఇది ఫుల్ పవర్‌లో చేయండి, అందులోనే కంటిస్థానం కష్టం. ఇదంతా రైఫిల్ ఖాళీగా ఉన్నప్పుడే, తూటా కూర్చునే ఛాంబర్ రెండుసార్లు చూసుకుని. గీత నిలువుగా ఉందో లేదో దూరంగా ఒక తాడుకి బరువు కట్టి వేలాడదీసి చూసుకుంటే లెవెల్స్ కొనే పనే లేదు.

జీరో చేయడానికి డైరెక్టుగా వంద గజాలకి వెళ్ళకండి, కాగితమే తగలకపోతే ఎటు పోయిందో తెలీక బాక్స్ తూటాలు కాల్చేస్తారు. ముందు 25 గజాలు. మన స్కోపుల్లో ఎక్కువ భాగం ఒక క్లిక్‌కి పావు ఎంఓఏ (ఇదొక కోణం కొలత), అంటే వంద గజాల్లో సుమారు పావు అంగుళం, నాలుగు క్లిక్‌లకి ఒక అంగుళం. 25 గజాల్లో అదే అంగుళానికి పదహారు క్లిక్‌లు కావాలి. అంటే 25లో రెండు అంగుళాలు కింద పడితే 32 క్లిక్‌లు అప్ వైపు. టరెట్ మీద బాణం గుర్తు తూటా ఎటు జరగాలో చెప్తుంది, గీత ఎటు జరుగుతుందో కాదు, ఇక్కడ చాలామంది ఉల్టా తిప్పేస్తారు. తర్వాత వందకి వెళ్ళి మూడేసి కాల్చండి, ఒక్క తూటా చూసి తిప్పకండి, మూడింటి మధ్య బిందువు చూసి తిప్పండి. మూడు అంగుళాలు కుడికి పడ్డాయంటే పన్నెండు క్లిక్‌లు లెఫ్ట్. మధ్యలో గొట్టం చల్లారనివ్వండి, వేటకి వాడే తూటా ఏదైతే దాంతోనే జీరో చేయండి, రేంజ్‌లో చవక తూటాతో జీరో చేసి వేటకి ఖరీదైనది పట్టుకెళ్తే రెండూ ఒకేచోట పడతాయని గ్యారంటీ లేదు.

హాగ్స్ సంగతి వేరే. 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేట్ ల్యాండ్‌లో ఓనర్ పర్మిషన్ ఉంటే అడవి పందులకి టెక్సస్‌లో హంటింగ్ లైసెన్సే అక్కర్లేదు, రాత్రిపూట కూడా కొట్టొచ్చు. ఇది విని వీసా మీదున్నవాళ్ళు లైసెన్స్ మానేస్తారేమో, మానేయకండి, పైన చెప్పిన ఫెడరల్ మినహాయింపుకి ఆ లైసెన్సే ఆధారం. రాత్రి వేటకి మామూలు స్కోప్ పనికిరాదు, వేడిని చూపించే థర్మల్ స్కోప్ కావాలి, అది వేల డాలర్ల వ్యవహారం. ఫ్రెండ్ దగ్గర అరువు తెచ్చి ఒక రాత్రి చూసి, పిచ్చి పట్టాకే కొనండి. థర్మల్‌కి గాజు అవతల ఏమీ కనపడదు, బ్లైండ్ కిటికీ అద్దం తెరవాలి. దాంట్లో వేడి మాత్రమే కనిపిస్తుంది కాబట్టి దూరంగా ఉన్న దూడా పందీ ఒకేలా మెరుస్తాయి, నడక, తోక, మెడ చూసి తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. రైతు దూడని కొట్టారంటే లీజ్ పోతుంది, దూడ డబ్బులూ కట్టాలి.

లీజ్‌కి వెళ్ళాక ఇంకో చిన్న పని. స్కోప్ లోపల నైట్రోజనో ఆర్గానో నింపి ఉంటుంది, లోపల ఆవిరి పట్టదు, కానీ బయట లెన్స్ మీద పట్టదని ఎవరూ చెప్పలేదు. హ్యూస్టన్ వైపు, గల్ఫ్ తీరం వైపు తెల్లవారుజామున ట్రక్కులో ఏసీ ఫుల్లుగా పెట్టుకుని వెళ్ళి, చల్లగా ఉన్న రైఫిల్‌ని ఆ తేమ గాలిలోకి తీశారంటే రెండు లెన్సులూ తెల్లగా అయిపోతాయి. కంగారుగా చొక్కా అంచుతో తుడిస్తే దుమ్ముతో సహా రుద్ది పూత మీద గీతలు పెడతారు, ముందు బ్రష్‌తో దులిపి తర్వాతే లెన్స్ గుడ్డ. చివరి పది నిమిషాల డ్రైవ్‌లో ఏసీ ఆపి కిటికీలు దించుకోండి, బ్లైండ్‌లోకి ఎక్కాక మూతలు తీసేసి, పవర్ 4 మీద పెట్టుకుని కూర్చోండి.